కాలదోషం పట్టిన నోటు

నాన్న సంవత్సరీకం అయ్యాక, పోయిన నెలలో, ఊళ్ళో ఇనప్పెట్టె సర్దుతుంటే ఒక పాత ప్రోనోటు బయటపడింది. అరఠావు కాగితం, మడతల దగ్గర చివికిపోయింది. తేదీ 1994 మే. అసలు 20,000 రూపాయలు, వడ్డీ నెలకి నూటికి రూపాయిన్నర. కింద రెవిన్యూ స్టాంపు, దాని మీదుగా నాన్న సంతకం. ఆ సంతకాన్ని మధ్యకి చించేశారు, అంటే బాకీ తీరిపోయిందన్నమాట. వెనక్కి తిప్పితే ఒకే ఒక్క చెల్లు. 2003 మే. అసలూ వడ్డీ కింద 41,600 ముట్టినట్టు నాన్న చేతిరాతలోనే ఉంది, పక్కన నీలం సిరాతో వేలిముద్ర.

ఆ రెండు తేదీల మధ్య ఇంకో చెల్లు లేదు. పల్లెటూరి అప్పులు ఎరిగినవాళ్ళకి ఇది చాలు, మిగతా కథ అర్థమైపోతుంది. మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు గడువు ముగిసేలోపు వందో రెండొందలో కట్టించుకుని వెనక చెల్లు వేయిస్తారు, అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు. మా వీధి చివరి మామ్మకి ఈ సంగతి తెలీదు. భర్త పోయాక అరెకరం అమ్మితే వచ్చిన డబ్బులో కొంత నాన్నకిచ్చి, నోటు తీసుకెళ్ళి హార్లిక్స్ డబ్బాలో దాచుకుంది. 1997 మే దాటాక ఆ కాగితం పట్టుకుని కోర్టుకెళ్ళినా ఆవిడకి దక్కేదేమీ లేదు. ఆ తర్వాత ఆరేళ్ళకి నాన్న కట్టాడు.

అదే రోజు రాత్రి భోజనాల దగ్గర మా అక్క కొడుక్కీ నాకూ వాదన పడింది. వాడికి ఇరవై నాలుగేళ్ళు, బెంగళూరులో ఉద్యోగం. క్రెడిట్ కార్డు మీద లక్షా ఎనభై వేల బాకీ. ఏడాదిన్నరగా కట్టటం లేదు. "బ్యాంకోళ్ళు రైటాఫ్ చేసేశారు మామయ్యా. స్కోరు పోద్ది, అంతేగా! ఇప్పుడు టెన్షన్ లేదు. ఫ్రీగా ఉన్నా, హ్యాపీగా ఉన్నా. ఇందులో తప్పేముంది?" అన్నాడు.

రైటాఫ్ అంటే బ్యాంకు తన లెక్కల్లో తీసి పక్కన పెట్టడమే గానీ మాఫీ కాదురా అని చెప్పబోయి ఆగాను. నా గొంతులో అడ్డం పడింది అది కాదు. ఫ్రీ, హ్యాపీ, తప్పేముంది. స్వేచ్ఛ, సుఖం, నీతి. ఈ మూడింటినీ ఒక తాటికి కట్టలేక రెండున్నర వేల ఏళ్ళుగా పెద్ద పెద్దవాళ్ళు తంటాలు పడుతుంటే, వీడు పప్పన్నం కలుపుకుంటూ కట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది, జవాబు మాత్రం తోచలేదు.

వాడు మాట్లాడుతుండగానే కంచం పక్కనున్న ఫోను వెలిగింది. పేరు చూసి బోర్లా తిప్పి పెట్టాడు. "ఎవర్రా?" అంటే, "రూమ్మేటు. పదిహేను వేలు ఇవ్వాలిలే" అని, మళ్ళీ బ్యాంకు సంగతిలోకి వెళ్ళిపోయాడు.

చుట్టు దారి

బస్సు దిగి మా ఇంటికి రావాలంటే మామ్మ ఇంటి ముందు నుంచే రావాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అనుకుంటా, నాన్న ఆ దారిన నడవటం మానేశాడు. చెరువు కట్ట ఎక్కి, చింతతోపు చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఎందుకు నాన్నా అంటే "కట్ట మీద గాలి బాగుంటుంది" అనేవాడు. మే నెలలో, పల్నాడులో, కట్ట మీద గాలి!

బోరు కోసం చేసిన అప్పు అది. దుమ్ము లేచింది తప్ప నీళ్ళు పడలేదు. ఆ తర్వాత రెండేళ్ళు పత్తి దెబ్బ తీసింది. మామ్మ ఎప్పుడూ ఇంటికొచ్చి అడిగింది లేదు. ఎదురుపడితే "పిల్లలు బాగున్నారా నాయనా" అనేది, అంతే. నాన్న భరించలేకపోయింది ఆ మాటనే అని ఇప్పుడు అనిపిస్తుంది. కసిరి అడిగేవాళ్ళతో మనమూ నాలుగు మాటలు కసిరి బతకొచ్చు.

2003లో మిర్చి కలిసొచ్చింది. గుంటూరు యార్డులో అమ్మిన డబ్బు ఇంటికి చేరిన మర్నాడు, నరసరావుపేటలో ప్లీడరు గుమస్తాగా చేసే బాబాయి వరసాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మాటల్లో నోటు సంగతి వచ్చింది. "అది చెల్లని కాగితం అన్నయ్యా. నువ్వు ఇవ్వకపోతే నిన్ను అడిగే చట్టం లేదు. పిల్లాడి ఫీజు సంగతి చూసుకో" అన్నాడు.

ఇక్కడ నాన్న చేత ఒక మంచి డైలాగు చెప్పించాలని నా వేళ్ళు దురద పెడుతున్నాయి. దోషం కాగితానికి పట్టింది గానీ నాకు పట్టలేదుగా, అన్నాడని రాస్తే ఈ పోస్టు నాలుగు గ్రూపుల్లో తిరుగుతుంది. ఆయన అలా అనలేదు. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి డబ్బు తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రెండు గంటల తర్వాత చింపిన నోటు చొక్కా జేబులో పెట్టుకుని, ఏళ్ళ తర్వాత మామూలు దారిన వచ్చాడు.

ఇంకో సంగతి దాచటం న్యాయం కాదు. పెట్టె దగ్గరే కూర్చుని లెక్క వేశాను. రూపాయిన్నర చొప్పున తొమ్మిదేళ్ళకి వడ్డీ 32,400 అవ్వాలి. నాన్న కట్టింది 21,600. అంటే నూటికి రూపాయి, ధర్మవడ్డీ. చెల్లని నోటుకి డబ్బు కట్టడానికి వెళ్ళిన మనిషి అక్కడ కూర్చుని వడ్డీ దగ్గర బేరమాడాడు! మొదట సిగ్గేసింది. కాసేపటికి ఎందుకో ఊపిరాడినట్టయింది. ఇరవై ఏళ్ళుగా నా బుర్రలో ఉన్న నాన్న మరీ పటంలో దేవుడిలా ఉండేవాడు.

తలుపు చప్పుడు

నీతికీ అప్పుకీ ముడి వేసి మాట్లాడేవాళ్ళలో జర్మన్ తత్వవేత్త కాంట్ పేరు ముందు వస్తుంది. తీర్చలేనని తెలిసీ తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకోవచ్చా అన్నది 1785 నాటి ఆయన పుస్తకంలోని ఉదాహరణ. అందరూ అదే పని చేస్తే మాట అన్నదానికే విలువ పోతుంది, ఇచ్చేవాడే ఉండడు, కాబట్టి కుదరదు అంటాడు. మా నాన్న విషయంలో అది పెద్దగా పనికిరాదు. ఆయన తీర్చగలననే తీసుకున్నాడు, బోరులో నీళ్ళు పడలేదు.

నాకు పనికొచ్చింది మూడేళ్ళ తర్వాత రాసిన పుస్తకంలో ఉన్న ఇంకో ఉదాహరణ. ఒక రాజు ఒకణ్ణి పిలిచి, ఫలానా మంచివాడి మీద దొంగసాక్ష్యం చెప్పు, లేకపోతే ఉరి తీస్తానంటాడు. కాదనగలవా అని మనం వాణ్ణి అడిగితే, కాదంటానని గట్టిగా చెప్పలేడు. ప్రాణం తీపి. కానీ కాదనటం అసలు నా వల్ల అయ్యే పనే కాదని కూడా చెప్పలేడు. చెయ్యాలి అని లోపల అనిపించినప్పుడే, చెయ్యగలను అనే సంగతి తెలుస్తుంది. స్వేచ్ఛ ఉందని మనకి తెలిసేది అలా అంటాడు కాంట్.

మా మేనల్లుడి లెక్కలో స్వేచ్ఛ అంటే మెడలో తాడు లేకపోవటం. మంచిదే. నాన్న మెడలో తాడు 1997లోనే చట్టం తెంపేసింది. ఒకవేళ 1996లో కట్టి ఉంటే, కోర్టు భయంతో కట్టాడో ఏమో అనుకోవచ్చు. 2003లో ఆ అనుమానం లేదు. ఎవరూ అడగలేని బాకీ కట్టాడు కాబట్టే ఆ పని పూర్తిగా ఆయనది అయింది. ఇంతవరకూ నేను కాంట్ వైపే.

సుఖం దగ్గరికి వచ్చేసరికి ఆయనతో నాకు పేచీ. ఎలా సుఖపడాలో చెప్పటం నీతిశాస్త్రం పని కాదు, సుఖానికి ఎలా అర్హులం కావాలో చెప్పటమే దాని పని అంటాడు. అన్నం పెట్టకుండా, అన్నానికి నువ్వు అర్హుడివేనని సర్టిఫికెట్ చేతిలో పెట్టినట్టు ఉంటుంది నాకు. అయితే ఆయన్ని దగ్గరగా ఎరిగినవాళ్ళు రాసిన జీవిత చరిత్రలో ఒక ముచ్చట ఉంది. ఎవరైనా తలుపు తడితే నేను ఎప్పుడూ నిశ్చింతగా, సంతోషంగా లోపలికి రమ్మనేవాణ్ణి, బయట నిలబడింది అప్పులవాడు కాదని నాకు తెలుసు కాబట్టి, అని ఆయన తరచూ చెప్పుకునేవాడట. కాంట్ తండ్రి గుర్రాలకి కట్టే తోలు పట్టీలు కుట్టుకుని బతికినవాడు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడి మాట అది, ప్రొఫెసరు మాట కాదు. సిద్ధాంతంలో సుఖాన్ని గుమ్మం బయట నిలబెట్టిన మనిషి, బతుకులో దాన్ని తలుపు చప్పుడులో విన్నాడు.

ఆ ముచ్చట చదివాక నాకు బోర్లా తిప్పిన ఫోనూ, చెరువు కట్టా కలిసి గుర్తొచ్చాయి. వాడు ఫ్రీగానే ఉన్నాడు, ఒక ఫోను మాత్రం ఎత్తలేడు. నాన్నా ఫ్రీగానే ఉన్నాడు, ఒక వీధిలో మాత్రం నడవలేడు.

ఇదంతా పరువు కోసం చేసిన పనేమో కదా అని మీరు అనొచ్చు. నేనూ అనుకున్నాను. చిన్నపిల్లలు వచ్చినా సరైన ధరకే అమ్మే కొట్టువాడు, నిజాయితీతో చేస్తున్నాడో వ్యాపారం కోసం చేస్తున్నాడో ఎలా తెలుస్తుందని కాంటే అడిగాడు. చివరికి ఎవరి మనసు అడుగు ఎవరికీ కనపడదని, మన మనసు మనకే కనపడదని ఒప్పుకున్నాడు కూడా. నాన్నలో పరువు ఎంత, ధర్మం ఎంత, మామ్మ మీద జాలి ఎంత? అసలూ వడ్డీ విడగొట్టినట్టు విడగొట్టి లెక్క వేయటం నా వల్ల కాదు.

ధర్మరాజు జవాబు

మన దగ్గర ఈ ప్రశ్నని నీళ్ళ ఒడ్డున యక్షుడు అడిగాడు. సుఖంగా ఉన్నవాడెవడు? ధర్మరాజు జవాబు నాకు భారతం మొత్తంలో ఇష్టమైన వాక్యాల్లో ఒకటి. ఐదో రోజుకో ఆరో రోజుకో అయినా సరే తన ఇంట్లో ఇంత కూరాకు వండుకుని తింటూ, అప్పు లేకుండా, పరాయి చోట బతకాల్సిన అవసరం లేకుండా ఉన్నవాడు. ఆనందం, మోక్షం లాంటి పెద్ద మాటలేవీ లేవు. ఇల్లు, ఆకుకూర, అప్పు లేకపోవటం.

ఈ జవాబు మీద వాట్సాపులో తెల్లారేసరికి పది ఫార్వర్డులు వస్తాయి గానీ, చెప్పినవాడి పరిస్థితి ఎవరూ గుర్తు చెయ్యరు. సొంత ఇల్లు లేదు, వనవాసంలో ఉన్నాడు. నలుగురు తమ్ముళ్ళూ ఆ ఒడ్డునే పడి ఉన్నారు. తను చెప్పిన సుఖం తన దగ్గరే లేదు. ఎందుకు లేదంటే జూదంలో ఆడిన మాట తప్పకూడదని. ఆ జూదంలో భార్యని కూడా ఒడ్డాడు.

నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, ధర్మరాజు ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా? తన్ను తాను ఓడిపోయి దాసుడైనవాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిది? స్వేచ్ఛ లేని చోట ధర్మం ఎలా అని కాంట్ కంటే ఎన్నో తరాల ముందే, జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన మనిషి అడిగింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైంది అని తప్పించుకున్నాడు. హరిశ్చంద్రుడి కథా ఇలాంటిదే. కాటి సీను పద్యాలకి మా ఊళ్ళో తెల్లవార్లూ వన్స్‌మోర్లు కొట్టినవాళ్ళెవరూ, కాశీలో ముందు అమ్ముడుపోయింది చంద్రమతి అన్న సంగతి దగ్గర ఆగినట్టు నాకు గుర్తు లేదు.

మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. ఆ ఏడు నాకు ఐసెట్‌లో రాంకు వచ్చింది. ఎంసీఏలో చేరాలి. ఫీజు డబ్బు మామ్మ ఇంటికి వెళ్ళింది. ఏడాది పాటు ఒక ప్రైవేటు స్కూల్లో నెలకి 1,500 రూపాయలకి లెక్కలు చెప్పాను. మరుసటేడు అమ్మ నానుతాడు తాకట్టు పెట్టి నన్ను చేర్చారు. తర్వాత దాన్ని విడిపించలేకపోయారు, వేలానికి పోయింది. నాన్న అప్పు లేనివాడయ్యాడు, అమ్మ మెడ బోసిపోయింది.

నేను నెల రోజులుగా తేల్చుకున్న సంగతి ఇదే. నీతి కోసం మన సుఖాన్ని వదులుకోవటానికి మనకి పూర్తి స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛ లేకపోతే అది నీతి కూడా కాదు. కానీ పక్కనున్న మనిషి సుఖాన్ని వదిలేసే స్వేచ్ఛ మనకి ఎవరూ ఇవ్వలేదు. నాన్న తన వాటా తను కట్టాడు, బాగానే ఉంది. అమ్మ వాటా కూడా ఆయనే ఖర్చు పెట్టాడు.

వెంటనే ఇంకో అనుమానం వస్తుంది. ఇలా అంటే సంసారంలో ఉన్నవాడు ఒక్క మంచి పని కూడా చెయ్యలేడు. ఏ పని చేసినా ఇంట్లో ఒకరి కంచంలోంచి ఒక ముద్ద తగ్గుతుంది. లంచం వద్దన్నవాడి పిల్లలు గవర్నమెంటు కాలేజీలో సీటు కోసం ఎదురు చూస్తారు. వాళ్ళని అడిగి వద్దన్నాడా? అందరి అనుమతీ తీసుకునేదాకా నీతి ఆగాలంటే ఇక అది ఎప్పటికీ బయల్దేరదు. దీనికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. అడగటం మాత్రం చెయ్యాలి అనుకుంటాను. వద్దంటారని తెలిసినా అడగాలి.

అదే మాట, ఇంకో ఇంట్లో

బాకీ తీర్చటమే ధర్మం అన్న మాట ఎవరి నోట్లోంచి వస్తోందో చూడకుండా ఒప్పుకోవటం ప్రమాదం. మా తాత ఇంట్లో ఒక పాలేరు ఉండేవాడట. ఆయన తండ్రి పెళ్ళికి తెచ్చుకున్న అప్పు కింద కుదిరాడు. అప్పు ఎంతో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆయన ఎంత నమ్మకస్తుడో, ఎప్పుడూ మాట తప్పలేదో మాత్రం పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా మావాళ్ళు ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే ఈమధ్య నాకు అన్నం దిగటం లేదు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం మనుషుల్ని విడిపించి ఊరుకోలేదు, ఆ బాకీలే రద్దయినట్టు చెప్పింది. అక్కడ కట్టకపోవటమే న్యాయం.

2010 అక్టోబరులో, ఆడవాళ్ళ గ్రూపులకి చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్సు కంపెనీల మీద ఆర్డినెన్సు వచ్చిన రోజులూ గుర్తున్నాయి. ఒకరు వారం కిస్తీ కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్ళంతా ఆవిడ గుమ్మం ముందు కూర్చోవాల్సి వచ్చేది. పదేళ్ళ తర్వాత లోన్ యాపులు వచ్చాయి, గుమ్మం దాకా రానక్కర్లేదు, ఫోన్లో ఉన్న పేర్లన్నిటికీ మెసేజి వెళ్ళింది. ప్రాణాలు పోయాయి. ఆ మెసేజిలు తాకింది ఎక్కడ? నాన్నని చెరువు కట్ట ఎక్కించిన సిగ్గు ఉందే, సరిగ్గా అక్కడే. నేను ఇంతసేపూ స్వేచ్ఛ అని మురిసిపోయిన దాన్నే పట్టుకుని ఇంకొకరు ఉరితాడు పేనగలరు.

అందుకే బాకీ కంటే ముందు ఎవరు ఎవరికి బాకీ అన్నది చూడాలనిపిస్తోంది. నాన్నకి చదువొచ్చు, పొలముంది, అరుగు మీద సలహా చెప్పే గుమస్తా ఉన్నాడు, చట్టం ఆయన పక్షాన ఉంది. మామ్మ దగ్గర ఉన్నది ఒక చెల్లని కాగితం, ఎదురుపడితే ఒక పలకరింపు.

ఈ మాట ఫోన్లో చెబితే మేనల్లుడు ఎగిరి గంతేశాడు. "నేను చెప్పేదీ అదేగా! బ్యాంకు ముందు నేనెంత?" సగం నిజమే, ఒప్పుకున్నాను. కొన్న ఫోనూ, తిరిగిన గోవా వాడివే కాబట్టి సగమే. "మరి ఆ రూమ్మేటు?" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. "ఇస్తాలే మామయ్యా" అని పెట్టేశాడు. ఇచ్చాడో లేదో నేను మళ్ళీ అడగలేదు. అడిగి ఒత్తిడి చేస్తే నా నస వదిలించుకోవటానికి కడతాడు, అది వాడి పని కాకుండా పోతుంది. అడక్కుండా ఉండటమూ మహా కష్టంగా ఉంది.

అమ్మని మాత్రం అడిగాను. మొన్న ఊరెళ్ళినప్పుడు, దండెం మీంచి తీసిన బట్టలు మడతపెడుతుంటే, నోటు చేతికిచ్చి.

"నన్నడిగాడు. వద్దన్నా" అంది.

అడిగాడా! నేను నెల రోజులుగా కట్టుకున్న వాదంలో ఒక గోడ అక్కడే కూలింది.

"మరి?"

"మరేముంది, ఇచ్చొచ్చాడు. నెల రోజులు మాట్లాడలా నేను."

"ఇప్పటికీ తప్పే అంటావా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. "శివాలయానికి దగ్గర దారి ఆ మామ్మ ఇంటి ముందు నుంచేగా. అన్నేళ్ళూ నేనూ కట్ట మీదుగానే పోయేదాన్ని, ఎండలో, చెంబు పట్టుకుని. నీకు గుర్తులా?"

నాకు గుర్తు లేదు. నాన్న నడిచిన చుట్టు దారి ఒక్కటే నాకు గుర్తుంది.

నోటు మడిచి నా చేతిలో పెట్టి, ఇంకో లుంగీ అందుకుంది. "మూడు సవర్ల నానుతాడు అది. ఇవాళ రేటెంతుందో చూడు ఆ ఫోన్లో."